మా అమ్మ ముక్కుది తప్పు కాదు

ముక్కుపుడక తీస్తే గానీ మాట్లాడే పెట్టె పని చేయదని వరప్రసాద్ సార్ చెప్పినప్పుడు మా అమ్మ నవ్వింది. ఆమె గొంతులోంచి శబ్దం రాదు. భుజాలు ఊగితే నవ్వుతోందని అర్థం. సార్ మాత్రం నవ్వలేదు. అప్పుడు అమ్మ నా వైపు తిరిగి పెదాలు కదిపింది.

"ఏమంటున్నారు మీ అమ్మగారు?" అని సార్ నన్ను అడిగాడు.

అమ్మ అన్నది ఇది: "ఆయన బూట్లు ఇప్పితే గూడ పని చేస్తదేమో, అడుగు."

ఆ మాట పైకి అనే ధైర్యం నాకు లేదు. "ఆలోచిస్తానంటోంది సార్" అన్నాను. అమ్మ నా మోచేతి మీద గట్టిగా గిల్లింది.

మా అమ్మ పేరు సక్కుబాయి. శంషాబాద్ విమానాశ్రయం దారిలో రోడ్డుకు రెండు వైపులా పచ్చగా కనిపించే గడ్డి, పూలమొక్కలు ఉన్నాయి కదా, అక్కడ పనిచేసే ఆడవాళ్లకు ఆమె మేస్త్రి. విమానం నెత్తి మీద నుంచి పోతున్నా ఆమె పిలిస్తే ఆ చివరన ఉన్న మనిషి తల ఎత్తేది. తర్వాత గొంతులో గడ్డ వచ్చింది. దవాఖానలో కోసి, మాట పుట్టే భాగాన్నే మొత్తం తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు. ఇప్పుడు ఆమె ఊపిరి అంతా అక్కడి నుంచే. దాని మీద ఎప్పుడూ తెల్లటి గుడ్డ కట్టుకుంటుంది. గొంతుకు ఆనిస్తే గుయ్యిమని మోగే మిషన్ ఒకటి కూడా ఇచ్చారు గానీ, కరెంటు, అదే రేడియేషన్, పెట్టించాక మెడ చర్మం అట్టలాగా గట్టిపడిపోయి అది పనికిరాలేదు. అమ్మకు సంతకం తప్ప రాయడం రాదు.

అందుకని అమ్మ నోరు నేనయ్యాను. నాకేమో క్లాసులో హాజరు పలకడానికే గొంతు పెగలదు. ఊరి బడిలో పదో తరగతి దాకా ఒకే మూల కూర్చున్నాను. ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం, ఇక్కడా మూలే. చెప్పలేని కోపమంతా డైరీలో రాసుకుని పడుకునే రకం నేను. అలాంటి నేను కూరగాయల దగ్గర బేరం ఆడాలి, రేషన్ దుకాణంలో తగవు పెట్టుకోవాలి, గుత్తేదారు ముత్తయ్యతో ఫోన్‌లో మాట్లాడాలి. ముత్తయ్య మాత్రం ఖచ్చితంగా చెప్పేశాడు: "బిడ్డ కాలేజీకి పోతది, నేను ఫోన్ చేస్తే ఎవరెత్తాలె? సక్కుబాయి తనంత తాను ఫోన్‌ల మాట్లాడితే మేస్త్రి పని ఆమెదే. లేకుంటే రేణుకమ్మకు ఇస్త." అప్పటిదాకా అమ్మ తను నడిపించిన ఆడవాళ్ల మధ్యలోనే కూర్చుని కలుపు తీస్తోంది.

అలాంటప్పుడు దవాఖాన వాళ్లు ఈ కంపెనీ గురించి చెప్పారు. మహేశ్వరం వైపు కొత్తగా వచ్చిన అద్దాల బిల్డింగుల్లో ఒకటి. గొంతు లేనివాళ్లు ఊరికే పెదాలు కదిపితే చాలు, చర్మానికి అతికించిన పట్టీలు ఆ కదలిక పట్టుకుని పెట్టెకు పంపుతాయి, పెట్టె దాన్ని మాట చేసి ఫోన్‌లో వినిపిస్తుంది. మైకు అక్కర్లేదు, శబ్దమే అక్కర్లేదు. ఎవరికి బాగా పని చేస్తే వాళ్లకు ఆ పెట్టె ఇంటికి ఇచ్చేస్తారట. అది విన్న రాత్రి అమ్మ మా బాపుతో పెదాలతో ఎంత మాట్లాడిందో. బాపుకు సగమే అర్థమవుతుంది. అయినా అన్నిటికీ తల ఊపాడు.

అక్కడ పెద్దసారు వరప్రసాద్, పట్టీలు అతికించేది సింధు మేడం. విజయవాడ వాళ్లట, పాతికేళ్లు కూడా ఉండవు. గడ్డం కింద, బుగ్గల మీద, పెదాల పక్కన అతికించి, "నొప్పిగా ఉంటే చెప్పండి ఆంటీ" అనేది. మొదటిరోజే పెట్టె "పోదాం పా" అన్న మాటను "పోదాబ్ పా" అంది. వినగానే అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పు పలికినా సరే, ఒక మాట బయటికి వచ్చింది కదా.

కానీ తర్వాత కూడా అదే తప్పు. మ అనాల్సిన చోట బ అంటుంది, న అనాల్సిన చోట ద అంటుంది. నన్ను ప్రేబలత అని పిలిచింది. నీళ్లు అంటే దీళ్లు అంది. సింధు మేడం నాకు అర్థమయ్యేలా చెప్పింది. "అద్దం ముందు నిలబడి శబ్దం లేకుండా మ అను, బ అను. పెదాలు ఒకేలా ఉంటాయి. తేడా లోపల ఉంది. మ, న అనేటప్పుడు అంగిలి వెనక మెత్తటి భాగం కిందికి దిగి ముక్కులోకి దారి తెరుస్తుంది. అది బయటికి కనిపించదు. అందుకే ముక్కుకు ఈ క్లిప్పు. ముక్కులోంచి గాలి కదిలితే మ, కదలకపోతే బ."

ఆ క్లిప్పు ముక్కును రెండు వైపులా పట్టుకోవాలి. అమ్మ ముక్కుపుడక అడ్డం వచ్చింది. అందుకే సార్ తీయమన్నాడు.

పుడక అంటే ఊరికే సోకు కాదు మా ఇళ్లల్లో. పెళ్లయినప్పటి నుంచి అమ్మ దాన్ని తీయలేదు. బాపు ఉన్నంత కాలం తీయదు. ఆపరేషన్ నాడు దవాఖానలో కూడా దాని మీద ప్లాస్టర్ అంటించారే తప్ప తీయించలేదు. నేను ధైర్యం చేసి అడిగాను, "సార్, క్లిప్పునే కొంచెం మార్చలేరా?" అని. ఆయన నా వైపు జాలిగా చూశాడు. "అమ్మా, ఇది అందరికీ సరిపోయేలా చేసిన డిజైన్. ఒక్కరి ఆభరణం కోసం మార్చలేం. మీరు చదువుకుంటున్నారు కదా, మీ అమ్మగారికి మీరే నచ్చజెప్పాలి. ఇలాంటి నమ్మకాలు పట్టుకుని కూర్చుంటే ఎలా?"

చదువుకుంటున్నాను కాబట్టి నేనే మా అమ్మ ముక్కు ఖాళీ చేయించాలి!

ఇంట్లో అమ్మ అన్నం ముట్టలేదు. చివరికి బాపే అన్నాడు, "తీసెయ్యవే. నేనేం సచ్చిపోత లేను గద. సచ్చినట్టు కనవడుతున్ననా?"

అమ్మ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసి పెదాలు కదిపింది.

"ఏమంటుంది?" అన్నాడు బాపు.

"పొద్దున లేవనీకె పడే తిప్పలు చూస్తే అట్లనే ఉన్నవ్ అంటుంది" అన్నాను.

బాపు పడీ పడీ నవ్వాడు. అమ్మ నవ్వలేదు. పుడక తీయడానికి మాత్రం ఒప్పుకుంది. ముత్తయ్య ఫోన్, మేస్త్రి పని ఆమె కళ్ల ముందు ఉన్నాయి.

పుడక మర ఎన్నో ఏళ్లుగా బిగుసుకుపోయింది. శంషాబాద్‌లో కంసాలి శంకరయ్య దగ్గరికి తీసుకుపోయాను. ఆయన నూనె వేసి, పట్టకారుతో పట్టుకుని తిప్పుతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. రక్తం వచ్చింది. శంకరయ్య పుడకను కాగితంలో చుట్టి ఇస్తూ, "కుర్మయ్య మంచిగనే ఉన్నడు గదా?" అని మెల్లగా అడిగాడు. బాపు మంచిగనే ఉన్నాడని, ఇది మిషన్ కోసమని చెప్పాను. ఆయనకు నమ్మకం కలగలేదు. ఆ వారమంతా గడ్డి దగ్గర ఆడవాళ్లు కూడా అదే అడిగారు. రేణుకమ్మ అయితే బాపు బతికున్నాడో లేడో చూడ్డానికి చక్కెర అప్పు అడిగే నెపంతో ఇంటికే వచ్చింది. జవాబు చెప్పడానికి అమ్మకు గొంతు లేదు కదా. ఒక్కొక్కరికీ నేను చెప్పాలి.

అంతా అయ్యాక క్లిప్పు ముక్కుకు చక్కగా కూర్చుంది. అమ్మ పెదాలు కదిపింది. పెట్టె మళ్లీ ప్రేబలత అంది.

ఆ రోజు సార్ గొంతులో మర్యాద కొంచెం తగ్గింది. "మీ అమ్మగారు సరిగ్గా ప్రయత్నించడం లేదు. ముక్కుతో పలకమని చెప్పు. మా ఆఫీసులో ఇంతమంది మీద టెస్ట్ చేశాం, అందరికీ వచ్చింది. ఈవిడకే ఎందుకు రాదు? సహకరించాలి కదా." ఆయన మాట్లాడేది అమ్మ పక్కనే నిలబడి, నాతో. నేను తల దించుకుని "సరే సార్" అన్నాను. సరే ఎందుకన్నానో నాకే తెలియదు. అమ్మ మళ్లీ మళ్లీ పెదాలు బిగించి మ, మ, మ అంది. మెడ నరాలు ఉబ్బాయి. గుడ్డ కింద నుంచి ఊపిరి బుసలు కొట్టింది.

సింధు మేడం ఆ బుస విని ఆగిపోయింది.

ఆమె క్లిప్పు తీసి తన ముక్కుకు పెట్టుకుంది. కంప్యూటర్ తెర మీద గీత పైకీ కిందికీ ఊగింది. మళ్లీ అమ్మకు పెట్టింది. గీత చలనం లేకుండా పడుకుంది. "ఆంటీ, ఒక్క నిమిషం" అని క్లిప్పును మెల్లగా అమ్మ మెడ దగ్గర, గుడ్డ పక్కన పట్టుకుంది. గీత ఎగిరి పడింది.

అమ్మ ఊపిరి మెడలోంచి పోతుంది. ముక్కులోకి గాలి ఎక్కడి నుంచి వస్తుంది? ఆమెకు పప్పు మాడినా వాసన తెలియదు. అది మా ఇంట్లో అందరికీ తెలుసు, కానీ పెట్టెకూ దానికీ సంబంధం ఉందని మాకెవరు చెప్పారు? ఆ క్లిప్పు చేసింది గొంతు తీసేసిన వాళ్ల కోసం. దాన్ని పరీక్షించింది మాత్రం గొంతు, ముక్కు రెండూ బాగున్న ఆఫీసు పిల్లల మీద. గొంతు తీసేసిన ఏ మనిషి ముక్కులోంచైనా గాలి వస్తుందా అని ఒక్కరూ ఆలోచించలేదు. ఆలోచించకుండా, మా అమ్మ పుడక తీయించారు.

అమ్మ నా వైపు చూసింది. "ఇదేనా?" అన్నాయి ఆమె పెదాలు. "గింత దానికా?"

"సార్, చెవి కింద, దవడ ఎముక వెనకాల పట్టీ పెడితే అంగిలి కండరం కదలిక కొంతవరకు తెలియొచ్చు. గాలి అవసరం ఉండదు" అంది సింధు మేడం. "కొన్ని నెలలు పడుతుంది. మళ్లీ మొదటి నుంచి..."

"ఇప్పుడు కాదు" అన్నాడు సార్. పెట్టుబడి పెట్టే వాళ్లు, డాక్టర్లు చూడ్డానికి వస్తున్నారట. "మ, న లేని వాక్యాలు తయారుచెయ్. అవి చెప్పించు. అది బాగా జరిగితే ఈవిడకు పెట్టె ఇచ్చేద్దాం. మిగతాది తర్వాత చూద్దాం." మా అమ్మకు ఒక్క మాట కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు. క్షమించమని గానీ, పొరపాటైందని గానీ ఏమీ లేదు.

సింధు మేడం రాసిన వాక్యాలు ఇవి: "ఇది పూలతోట." "ఊరు చాలా పెద్దది." "కాఫీ తాగుతారా?" "దయచేసి తలుపు వేయి." అమ్మ ఇంట్లో వాటిని పెదాలతో అభ్యాసం చేసేది. మా ఇంట్లో కాఫీ తాగేవాళ్లే లేరు. నేను అని లేదు, నువ్వు అని లేదు, అమ్మ లేదు, అన్నం లేదు, నొప్పి లేదు. మనిషి మాట్లాడేదంతా తీసేసి మిగిలింది ఆమె చేతిలో పెట్టారు. అయినా అమ్మ పట్టు వదల్లేదు. ముత్తయ్య ఫోన్‌కూ, మేస్త్రి పనికీ ఏవేవి పనికొస్తాయో ఏరుకుంది. గడ్డి పీకు. ఇటు రా. అటు పో. చాలు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు, ఏ మాట పెట్టెలోంచి చక్కగా వస్తుందో, ఏది రాదో ఆమెకు నోటికి వచ్చేసింది.

పెట్టుబడి వాళ్లు, డాక్టర్లు వచ్చిన రోజు పెద్ద గదిలో పది పదిహేను మంది కూర్చున్నారు. ముందు వరసలో తెల్లజుట్టు డాక్టరమ్మ ఒకావిడ ఉంది, జ్ఞానప్రసూనాంబ గారు. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టారు. నేను పక్కన నిలబడి ఏ వాక్యం తర్వాత ఏదో చెవిలో చెప్పాలి. సార్ ఇంగ్లీషులో చెబుతున్నాడు. నా ఇంగ్లీషు అంతంతమాత్రమే, అయినా ఆ మాటలు అర్థమయ్యాయి. మొదట్లో ముక్కు శబ్దాలు రాలేదని, పేషెంట్ ఆభరణం వల్ల సమస్య వచ్చిందని, పల్లెటూరి నమ్మకం కాబట్టి తీయడానికి ఒప్పుకోలేదని, తాము నచ్చజెప్పాక అంతా చక్కబడిందని. కొందరు చిరునవ్వు నవ్వారు. మా అమ్మ ముక్కు వైపు చూశారు, అక్కడ ఇంకా పుండు మానలేదు.

అమ్మ నన్ను పెదాలతో అడిగింది, "ఏమంటుండు?"

నేను అబద్ధం చెప్పి ఉంటే అంతా సాఫీగా జరిగేది. పెట్టె మా ఇంటికి వచ్చేది. నాకు తెలుసు. అయినా ఆమె చెవిలో ఉన్నదున్నట్టు చెప్పాను. "తప్పు నీ పుడకదట. నీకు వాళ్లు బుద్ధి చెప్పినంక బాగైందట."

అమ్మ వీపు నిటారుగా చేసుకుంది. సార్ చెయ్యి ఊపాడు, మొదలుపెట్టమని. "ఇది పూలతోట" అని నేను అందించాను. అమ్మ పెదాలు కదిలాయి.

పెట్టె టీవీలో వార్తలు చదివే ఆమెలాగా మెత్తగా, స్పష్టంగా అంది: "తప్పు ఎవరిది?"

సార్ మొహం మారింది. నేను మళ్లీ "ఇది పూలతోట" అన్నాను, అలవాటుగా. అమ్మ నన్ను పట్టించుకోలేదు.

"పుడక తీయిస్తిరి" అంది పెట్టె అదే తియ్యటి గొంతుతో. "సిగ్గు లేదా?"

ఒక్క అక్షరం కూడా పొల్లు పోలేదు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. సార్ "చిన్న సాంకేతిక సమస్య" అని ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టాడు. డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. "ఆగండి. ఏ పుడకమ్మా?" అని అడిగింది.

ఇప్పుడు అమ్మ వాక్యాలు ఏరుకోవడం మానేసింది. మామూలుగా, వేగంగా మాట్లాడింది. పెట్టె "దా బుక్కు" అంది, "దేదు" అంది, ఏదేదో అంది. ఎవరికీ అర్థం కాలేదు. అందరూ నా వైపు తిరిగారు.

నేను తలుపు వైపు చూశాను. అమ్మ ఆగి, మళ్లీ మొదటి నుంచి, మెల్లగా పెదాలు కదిపింది. నేను మూగదాన్ని కాదు కదా. ఆమె అన్నది అన్నట్టే అన్నాను.

"నా ముక్కుల గాలి రాదు. నా పానం మెడకాడ ఉంది. మీరు ఇంత చదివిండ్రు, ఈ బొక్క మీ కండ్లకు కనవడలేదా? తప్పు మీ క్లిప్పుది. పుడకది అన్నరు. తీసిన. నెత్తురొచ్చింది. ఊళ్లె అందరు నా మొగడు సచ్చిండనుకున్నరు. తప్పు ఏడుందో తెలిసినంక గూడ ఈ సారు నాకు చెప్పలే. ఇప్పుడు మీ ముంగట గూడ నా పుడకదే అంటుండు."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, గరుగ్గా. వరప్రసాద్ సార్ నా దగ్గరికి వచ్చి తగ్గు స్వరంతో అన్నాడు, "ఇంక ఆపమని మీ అమ్మగారికి చెప్పమ్మా."

"మీరే చెప్పండి సార్" అన్నాను. "ఆమె చెవులు మంచిగనే ఉన్నయ్."

ఆయన చెప్పలేదు. అమ్మ వైపు తిరగను కూడా లేదు. డాక్టరమ్మ ఆయన్ని అడిగింది, గాలి మాట నిజమేనా అని. ఆయన గ్లాసులో నీళ్లు తాగాడు. జవాబు ఇచ్చింది సింధు మేడం. లేచి నిలబడి, "నిజమే మేడం. ఆంటీ ముక్కులో గానీ, పుడకలో గానీ తప్పు లేదు. మాదే" అంది.

అమ్మ ఇంకో మాట అంది. అది కూడా చెప్పాను: "'నేను' అని అనలేని పెట్టె నాకొద్దు. సరిగ్గ చేసి తీస్కరా. ఇగ నేను ఈడికి రాను, మీరే మా ఇంటికి రావాలె. ఆ సారు వచ్చి, తప్పు తనదని నాకు చెప్పాలె."

అమ్మ పట్టీలు ఒక్కొక్కటీ పీకి, కుర్చీ మీద పెట్టింది. ఇద్దరం బయటికి వచ్చేశాం. షేర్ ఆటో కోసం ఎండలో చాలాసేపు నిలబడ్డాం. అమ్మ నన్ను చూసి పెదాలు కదిపింది. "గొంతు మంచిగుంది గాని, ఇంకొంచెం గట్టిగ అనాల్సుండె" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మేస్త్రి పని రేణుకమ్మకే పోయింది. ముత్తయ్య అన్న మాట ప్రకారమే చేశాడు. అమ్మ ఇప్పటికీ రోజూ పొద్దున పోయి గడ్డిలో కూర్చుంటోంది. ఆమె నోటి మాట నేనే. సింధు మేడం సెలవు రోజుల్లో స్కూటీ మీద వస్తోంది. అమ్మ చెవి కింద పట్టీలు అతికించి, ఏవో రాసుకుంటోంది. మ ఇప్పుడు కొన్నిసార్లు వస్తుంది, న ఇంకా దారికి రాలేదు. కంపెనీ ఒప్పుకుందా అని అడిగితే నవ్వి ఊరుకుంది.

వరప్రసాద్ సార్ రాలేదు. మా ఇల్లు ఆయన ఆఫీసుకు ఏమంత దూరం కాదు. కార్లో అయితే మరీ దగ్గర. తెలియకపోతే అడగమనండి, దారి నేను చెబుతాను.